మూడో రోజు తర్వాత

బాలికల ఆశ్రమ పాఠశాల,
గూడెం కొత్తవీధి దారి.
2024 నవంబరు 20

మరదలు సత్యశ్రీకి,

ఇక్కడ సెల్ టవరు పనిచేయక ఇరవై రోజులైంది. పనిచేసినా ఇవి ఫోన్లో అనే మాటలు కావు. మీ ఇంట్లో ఫోన్ మోగితే మా అమ్మ చెవి అక్కడే ఉంటుందని నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం నువ్వు పనిచేసే జిరాక్స్ షాపు అడ్రసుకి వేస్తున్నాను.

ఎస్. రాయవరంలో మా పిన్ని కూతురి సీమంతం రోజున నువ్వు చేసిన పని నాకు ముగ్గురు చెప్పారు. పదిమంది ఆడవాళ్ల మధ్య, గాజులు తొడిగే వేళ, లోపం మీ కొడుకులోనే ఉందని మా అమ్మ మొహం మీద అన్నావట. అప్పటి నుంచి అమ్మ సరిగా అన్నం తినడం లేదట. మా స్కూలుకి కూరగాయలు తెచ్చే వ్యాను డ్రైవరుతో కబురంపింది.

ఆడపడుచునై ఉండి ఈ ఆరేళ్లలో నీ కాపురంలో నేనెప్పుడూ కల్పించుకోలేదు. ఈసారి ఊరుకోను. మా నాన్న పోయేనాటికి నాకు పద్దెనిమిది, నా తమ్ముడు సత్తిరాజుకి పదిహేను. వాడు పుస్తకాలు కట్టిపెట్టి బెల్లం వండే పొయ్యి ముందు నిలబడ్డాడు. నేను టీచరు ట్రైనింగు చదివాను. నేనిక్కడ వార్డెన్‌నని చెప్పుకుంటున్నానంటే, వాడు ఇరవై సీజన్లు ఆ మంట ముందు ఒళ్లు కాల్చుకోబట్టే. అలాంటివాణ్ని నువ్వు చుట్టాల్లో తల దించుకునేలా చేశావు.

దసరా సెలవుల్లో వాడు ఇక్కడికి వచ్చాడు. పిల్లల కోసం రెండుసార్లు చేయించిన ట్రీట్‌మెంటూ నీ గుడ్లకు బలం లేకే పోయిందని డాక్టరు చెప్పిందట. వేరే ఆవిడ గుడ్డు తీసుకుందామంటే నువ్వు ఒప్పుకోవడం లేదట. వాడి వీర్యకణాల కౌంటు అరవై మిలియన్లట, ఏ లోపమూ లేదట. ఇదంతా చెబుతూ కూడా నిన్నొక్క మాట అనలేదు. తల వంచుకునే చెప్పాడు. భార్య మీద అంత మర్యాద ఉన్నవాడికి నువ్విచ్చిన మర్యాద ఇదా?

ఇక్కడ చలి మొదలైంది. పిల్లలకి రావలసిన దుప్పట్లు ఇంకా రాలేదు. ఇద్దరేసి పిల్లల్ని ఒక్కో దుప్పటిలో పడుకోబెడుతున్నాను. ఆ చిరాకు కూడా ఈ ఉత్తరంలో కొంత ఉండొచ్చు. అన్న మాటలు మాత్రం వెనక్కి తీసుకోను.

జవాబు కోసం చూస్తుంటాను.
సోమలమ్మ


నర్సీపట్నం
నవంబరు 27

వదినగారికి,

మీ ఉత్తరం కస్టమర్లు ఎదురుగా ఉండగానే చదివాను. ఎవరిదో ఆధార్ కార్డు ముందు వైపే రెండుసార్లు కాపీ తీసి ఇచ్చేశాను. వాళ్లు తిరిగొచ్చి తిట్టి వెళ్లారు.

మీ తమ్ముడు బెల్లం పొయ్యి దగ్గర ఎందుకు నిలబడ్డారో నాకు పెళ్లయిన నెలలోనే చెప్పారు. మన ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా ఆ పొయ్యి కథే చెబుతారు. నేనెప్పుడూ కాదనలేదు. ఇప్పుడు నా సంగతి వినండి.

విశాఖ ఆసుపత్రిలో నా ఫైలు పట్టుకుంటే చెయ్యి లాగుతుంది. రక్త పరీక్షలు, థైరాయిడ్, ట్యూబుల్లోకి మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రే, గర్భసంచిలోకి కెమెరా పెట్టి తీసిన ఫోటోలు, లెక్కలేనన్ని స్కానింగులు. ఆయన ఫైలు ఒక్క కాగితం. డబ్బా చేతికిచ్చి చిన్న గదిలోకి పంపారు. కౌంటు బాగుందన్నారు. అంతటితో ఆయన పని అయిపోయింది.

మొదటిసారి ఫిబ్రవరిలో. పన్నెండు రోజులు పొట్ట మీద సూదులు. పదకొండు గుడ్లు తీశారు. ఆయన వీర్యంతో కలిపితే ఎనిమిది పిండాలయ్యాయి. మూడో రోజున ఫోన్ చేసి ఎనిమిదీ చక్కగా ఎదుగుతున్నాయన్నారు. ఆ పూట షాపులో అందరికీ నేనే టీ తెప్పించాను. ఐదో రోజున వస్తే కడుపులో పెడతామన్నారు. బస్సు తాళ్లపాలెం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఫోన్. ఒక్కటీ మిగల్లేదు, రావద్దన్నారు. అక్కడే దిగి, రోడ్డు దాటి, తిరుగు బస్సెక్కాం. ఆయన కిటికీ వైపు కూర్చున్నారు.

మళ్లీ మొదలుపెట్టడానికి జూలైలో వెళ్లాం. ఆ ల్యాబులో పనిచేసే అమ్మాయిది రావికమతం. నా మాట విని మన వైపు మనిషినని గుర్తుపట్టింది. ఆయన మందుల కోసం వెళ్లినప్పుడు నా పక్కన కూర్చుని చెప్పింది. "మూడో రోజు దాకా పిండం గుడ్డు బలం మీదే నడుస్తాదక్కా. ఆ తరవాతే తండ్రి వాటా పనిలోకి ఒస్తాది. మీయి మూడో రోజు దాకా సక్కగుండి, ఆ తరవాత అన్నీ ఒక్కసారే ఆగిపోయినాయి. కౌంటొక్కటే సూసి ఒదిలీకండి. లోపల డీఎన్ఏ ఇరిగిందో నేదో సూసే పరీచ్చ ఉంటాది. ఓపాలి అడగండి" అంది.

నేను పట్టుబట్టి అడిగితే డాక్టరమ్మ మీ ఇష్టం అని రాసిచ్చింది. శాంపిల్ బయటి ల్యాబుకి వెళ్లింది. రిపోర్టు తేవడానికి ఆయన ఒక్కరే వెళ్లి, బాగానే ఉందని చెప్పారు. కాగితం ఏదంటే ఆసుపత్రిలో ఇచ్చేశానన్నారు. నమ్మి, సెప్టెంబరులో మళ్లీ సూదులు పొడిపించుకున్నాను. ఆరు పిండాలయ్యాయి. మూడో రోజుకి ఆరూ బాగున్నాయి. ఐదో రోజుకి ఒక్కటీ లేదు. డాక్టరమ్మ నా కళ్లలోకి కూడా చూడకుండా, గుడ్డు క్వాలిటీ లేదు, డోనర్‌కి వెళ్దాం అంది. ఒకామెకి బలం లేదని తేల్చే ముందు రెండో మనిషిని కూడా సరిగ్గా చూడాలా వద్దా? నేనడిగింది అదే.

ఇక సీమంతం. నేను గాజుల పళ్లెం అందుకోబోతే అత్తగారు నా మణికట్టు పట్టుకుని, "నువ్వు ఎనక్కుండమ్మా, కడుపు నిలబడనోల్ల సెయ్యి ముందర పడకూడదు" అన్నారు. నేనన్నది అక్షరం మార్చకుండా రాస్తున్నాను. "నన్నొక్కదాన్నే కాదత్తా, మీ అబ్బాయిని కూడా సరిగ్గా సూపించాలి." ఇంతే. లోపం ఆయనదేనని నేననలేదు. మీకు చెప్పిన ముగ్గురూ పళ్లెం సంగతి ఎందుకు చెప్పలేదో కనుక్కోండి.

మీ పిల్లలకి దుప్పట్లు అందాలని కోరుకుంటూ,
సత్యశ్రీ


ఆశ్రమ పాఠశాల
డిసెంబరు 4

సత్యశ్రీకి,

తాళ్లపాలెంలో దిగిపోయిన సంగతి నాకెవరూ చెప్పలేదు. పళ్లెం సంగతీ చెప్పలేదు. అమ్మ అన్నది తప్పు. అది ఆమెతోనే అంటాను.

అయినా నీ కోపం ఎక్కడికి పోతోందో నాకు అర్థం కావడం లేదు. ల్యాబులో పనిచేసే అమ్మాయి చెప్పిందని డాక్టరునే కాదంటున్నావు. ఆమె చెప్పిన పరీక్ష కూడా వాడు చేయించుకున్నాడు. బాగుందన్నాడు. ఇంకా సరిగ్గా చూపించాలంటే ఏమని అర్థం? నీ మాట కోసం వాడు ఎన్నిసార్లు డబ్బా పట్టుకుని ఆ గదిలోకి వెళ్లాలి? మగవాడికి మాత్రం సిగ్గుండదా?

కాగితం చూపించలేదని అనుమానమా? ఆసుపత్రి కాగితాలంటే వాడికెంత జాగ్రత్తో చెబుతాను. దసరాకి వచ్చినప్పుడు ఒక కవరు తెచ్చాడు. ఇంట్లో చెదలు పడుతున్నాయి, విశాఖ కాగితాలక్కా, నీ ట్రంకుపెట్టెలో దాచు అన్నాడు. గమ్ముతో అంటించిన కవరు. కాగితాన్ని అంత భద్రం చేసేవాడు కాగితం గురించి అబద్ధమాడతాడా?

దుప్పట్లు సగం వచ్చాయి. ఒక పిల్లకి జ్వరం తగ్గడం లేదు, పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి. ఇంతకంటే రాయలేను.

సోమలమ్మ


నర్సీపట్నం
డిసెంబరు 10

వదినగారికి,

మా ఇంట్లో చెదలు లేవు. స్లాబు ఇల్లు. కాగితాలన్నీ ఇనుప బీరువాలో ఉంటాయి, తాళం నా దగ్గరే ఉంటుంది.

ఆసుపత్రిలో ఇచ్చేశానని నాతో చెప్పిన కాగితం మీ ట్రంకుపెట్టెలో ఉందన్నమాట. దాన్ని పక్కన పెట్టుకుని నాకు మర్యాద గురించి రాశారు. గమ్ము వేసి అంటించారని రాశారు. అంటించి ఉందని తెలిసినవారికి లోపల ఏముందో తెలియదంటే నన్ను నమ్మమంటారా? అక్కాతమ్ముళ్లు కలిసి దాచారు, నింద నా గుడ్ల మీద పడేశారు.

ఈ రోజే కృష్ణదేవిపేట, మా అమ్మగారింటికి వెళ్తున్నాను. షాపు యజమానికి చెప్పేశాను. ఇక ఈ అడ్రసుకి రాయకండి. ఎక్కడికీ రాయకండి.

సత్యశ్రీ


ఆశ్రమ పాఠశాల
డిసెంబరు 17

సత్యశ్రీకి,

రాయవద్దన్నా మీ అమ్మగారింటికి రాస్తున్నాను. చదవకుండా చించేసినా సరే.

నీ ఉత్తరం అందిన గంటలో కవరు చించాను. అప్పటిదాకా అందులో ఏముందో నాకు తెలియదు. మా పిల్లల మీద ప్రమాణం చేసి రాస్తున్నాను. ఒకే ఒక్క రిపోర్టు. సత్తిరాజు పేరు, వయసు ముప్పై ఐదు. విరిగిన డీఎన్ఏ నూటికి నలభై ఎనిమిది. కింద ఎవరో పెన్నుతో, మగవారి డాక్టరుకి చూపించాలి అని రాశారు. జ్వరం పిల్లని మళ్లీ తీసుకెళ్లినప్పుడు మా పీహెచ్‌సీ డాక్టరమ్మకి చూపించాను. కౌంటు ఎంతమంది వచ్చారో చెబుతుంది, వాళ్లు మోసుకొచ్చిన సరుకు పాడైందో లేదో ఈ పరీక్ష చెబుతుంది అందామె. ముప్పై దాటితేనే ఆలోచించాలట. పిండాలు మూడో రోజు దాటి ఆగిపోవడానికి ఇదొక్కటే కారణమని ఎవరూ ఖాయంగా చెప్పలేరు, కానీ ఇది చూడకుండా ఆడమనిషిని అనడం అన్యాయం అంది.

తర్వాత తారీఖు చూశాను. ఆగస్టు తొమ్మిది. నీకు రెండోసారి సూదులు మొదలుపెట్టింది సెప్టెంబరులో.

శనివారం తెల్లారి మొదటి బస్సుకి దిగాను. ఇంటికి వెళ్లలేదు, తిన్నగా బెల్లం పొయ్యి దగ్గరికే వెళ్లాను. వాడు పెనం ముందు గరిటె పట్టుకుని ఉన్నాడు. బుగ్గలో ఖైనీ. నా చేతిలో కాగితం చూడగానే గుర్తుపట్టాడు.

"పాకం ఇరిగిపోద్దక్కా. ఓపాలి ఆగు" అన్నాడు.

"ఇరిగిపోనీ" అన్నాను. "ఆగస్టులో కాయితం నీ సేతిలో ఉంది. సెప్టెంబర్లో ఆ పిల్లకి సూదులెలాగ ఏయించినావురా?"

పనివాళ్లని దూరంగా పొమ్మని, అప్పుడు చెప్పాడు. "ఈ పాలి నిలబడిపోద్ది అనుకున్నానక్కా. నిలబడిపోతే ఎవులికీ సెప్పక్కర్నేదు కదా అనుకున్నాను. నిలబడనేదు. అప్పుడింక సెప్పనేకపోయినాను."

సత్యశ్రీ, వాడి మీద నేను జీవితంలో చెయ్యి ఎత్తలేదు. ఆ రోజూ ఎత్తలేదు గానీ, ఎత్తకుండా ఉండడానికి చేతులు వెనక్కి కట్టుకోవలసి వచ్చింది. పాకం మాడి ఆ పెనం మొత్తం పారబోశారు. యజమాని వచ్చి కేకలేశాడు.

ఇంటికి వెళ్లి అమ్మకి చెప్పాను. నమ్మలేదు. మగపిల్లలకి అలాంటివి ఉండవంది, పెళ్లాం మందు పెట్టిందంది. నేను అన్నం తినకుండానే బస్సెక్కాను.

ముందు రెండు ఉత్తరాల్లో నీకు రాసినదానికి క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

సోమలమ్మ


కృష్ణదేవిపేట
డిసెంబరు 26

వదినకి,

చించలేదు. మీకు తెలియదన్న మాట నమ్ముతున్నాను. మీ మీద అన్నది నేనూ వెనక్కి తీసుకుంటున్నాను.

ఆయన ఆదివారం షేర్ ఆటోలో వచ్చారు. మా అమ్మ లోపలికి రమ్మనలేదు. వరి కుప్పలు వేస్తున్న కళ్లంలోనే నిలబెట్టింది. నేనే బయటికి వెళ్లాను. తప్పయిపోయింది అన్నారు. ఏది తప్పని అడిగాను. ఒంట్లో అలా ఉండడం తప్పన్నట్టు మాట్లాడారు.

అది తప్పు కాదని చెప్పాను. రోగం ఎవరికైనా వస్తుంది. నాకే వచ్చి ఉంటే మందు వేసుకునేదాన్ని. మందు వేయవలసిన చోటు తెలిసి కూడా, ఆ మనిషి నా పక్కనే కూర్చుని రోజూ నా పొట్ట మీద సూది గుచ్చారు. అవును వదినా, రెండోసారి సూదులు ఆయనే వేసేవారు. నర్సు నేర్పించింది. నొప్పి లేకుండా వేస్తున్నారని నేను అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. మత్తు ఇచ్చి గుడ్లు తీస్తారని, లేచాక రెండు రోజులు కడుపు ఉబ్బి నడవలేనని ఆయనకి మొదటిసారే తెలుసు. తెలిసి పంపారు. ఐదో రోజున ఫోన్ వస్తే నేనేడ్చాను. ఏడవకే, ఎవరి ఒళ్లు ఎలాంటిదో ఏం చేస్తాం అని నన్ను ఓదార్చారు. ఆ ఓదార్పు తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండిపోతోంది.

ఇంటికి రమ్మన్నారు. రెండు మాటలు చెప్పాను. ఒకటి, ముందు మగవారి డాక్టరుకి చూపించుకోవాలి, ఈసారి రిపోర్టు నా చేతికే రావాలి. రెండు, నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది పదిమందిలో. కాబట్టి ఆయన చెప్పవలసింది కూడా పదిమందిలోనే, తన నోటితోనే. కళ్లంలో నాకొక్కదానికి చెబితే సరిపోదు. అలా అయితేనే వస్తాను.

మీరు మధ్యవర్తిత్వం చేయకండి. ఇది మాత్రం అడుగుతున్నాను.

మీ జ్వరం పిల్లకి తగ్గిందా?
సత్యశ్రీ


ఆశ్రమ పాఠశాల
2025 జనవరి 30

సత్యశ్రీకి,

తగ్గింది. ఇప్పుడు అందరికంటే ఎక్కువ అల్లరి దానిదే.

మధ్యవర్తిత్వం చేయను, జరిగింది మాత్రం రాస్తాను. విశాఖలో మగవారి డాక్టరు చూసి, వృషణాల దగ్గర సిరలు ఉబ్బి ఉన్నాయన్నాడట. ఎప్పటి నుంచి ఉందో, వీడు చెప్పుకోలేదు. అక్కడ వేడి పెరిగితే తయారయ్యేది పాడవుతుందట. దానికి తోడు రోజంతా మంట ముందు నిలబడడం, ఖైనీ. పద్దెనిమిదో తేదీన ఆపరేషన్ చేశారు. రిపోర్టులన్నీ నీకు పోస్టులో పంపాడట, అందాయా? కొత్త కణం తయారై బయటికి రావడానికి సుమారు మూడు నెలలు పడుతుందని, ఆ తర్వాత మళ్లీ పరీక్ష చేయాలని చెప్పారట. పొయ్యి పని మానేశాడు. ఇప్పుడు బెల్లం మార్కెట్లో తూకం దగ్గర పని.

ఇంకొకటి రాయకుండా ఉండలేకపోతున్నాను. ఆ పొయ్యి దగ్గర వాడు నిలబడింది నా చదువు కోసం. ఆ వేడి వాడికి ఏం చేసిందో ఇప్పుడు తెలిసింది. నీ పిండాలు పద్నాలుగు ఆగిపోయాయంటే దానికి నేను కూడా కారణమే అనిపిస్తోంది. క్లాసులో నిలబడితే ఇదే ఆలోచన.

సోమలమ్మ


కృష్ణదేవిపేట
2025 మార్చి 2

వదినకి,

ముందు మీ చివరి మాటకి జవాబు. పొయ్యి దగ్గర నిలబడడం ఆయన మీకు చేసిన మేలు. కాగితం దాచడం నాకు చేసిన ద్రోహం. ఈ రెండింటినీ కలపకండి. కలిపితే ఆయన చేసింది చిన్నదైపోతుంది, నేను ఒప్పుకోను. పదిహేనేళ్ల పిల్లవాణ్ని మంట ముందు నిలబెట్టింది మీరు కాదు, ఇంట్లో పెద్దవాళ్లు. మీరు పాఠం చెప్పుకోండి.

ఎస్. రాయవరంలో మీ పిన్ని కూతురి బిడ్డకి ఊయల వేశారు. నన్ను వాళ్లే ప్రత్యేకంగా పిలిచారు, మా అమ్మతో వెళ్లాను. ఆయన వస్తారని తెలుసు, చెబుతారని నమ్మకం లేదు. భోజనాలకి ముందు అందరూ టెంటు కింద కూర్చున్నారు. అత్తగారు నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. ఆయన లేచి ఆమె ఎదురుగా వెళ్లారు. గొంతు పెద్దది కాదు గానీ అందరికీ వినిపించింది.

"అమ్మా, ఆ రోజు దాన్ని ఎనక్కుండమన్నావు. లోపం నాలోది. కాయితం ఒచ్చినాక కూడా నాను సెప్పనేదు. దాసేసినాను. ఆ మాటలన్నీ పడాల్సింది నాను."

మీ మేనమామ తాతాజీ గారు నవ్వబోయి ఆగిపోయారు. అత్తగారు, పదిమందిలో ఇవేం మాటలురా అన్నారు. పదిమందిలోనే కదా అన్నావు అన్నారాయన. వంటవాళ్లు విస్తళ్లు వేయాలా వద్దా అని నిలబడిపోయారు.

తర్వాత చెయ్యి కడుక్కునే చోట మీ చుట్టాల్లో మత్స్యలింగం గారు ఆయన పక్కకి చేరి, ఆ డాక్టరు ఎక్కడుంటాడని నెమ్మదిగా అడిగారట. మీకు గుర్తుందా, పిల్లలు పుట్టలేదని మొదటి భార్య కామమ్మని వదిలేసి రెండో పెళ్లి చేసుకున్నారు. రెండో ఆవిడకీ లేరు. ఆ సంగతి మీ తమ్ముడు చెప్పినప్పటి నుంచి నాకు కామమ్మే కళ్లలో మెదులుతోంది. రావికమతంలో అన్నగారింట్లో గొడ్ల పని చేసుకుంటూ ఉంది. ఆమెని వదిలేసే ముందు మత్స్యలింగం గారు ఒక్క డబ్బా పట్టుకుని ఒక్క గదిలోకైనా వెళ్లలేదు. ఆ లోపం ఎవరిదో ఇప్పుడు తేలితే ఆమె దగ్గరికి వెళ్లి ఎవరు చెబుతారు?

వచ్చే శుక్రవారం నర్సీపట్నం వెళ్తున్నాను. క్షమించేశానని కాదు. చెప్పినవి రెండూ చేశారు కాబట్టి, నేను చెప్పింది నేనూ చేస్తున్నాను.

సత్యశ్రీ


ఆశ్రమ పాఠశాల
2025 జూన్ 24

సత్యశ్రీకి,

బడులు తెరిచారు. నలభై మంది కొత్త పిల్లలు, అందరి తలలోనూ పేలు. ఆదివారం చింతపల్లి వెళ్లి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తి, బాగానే ఉన్నారు అని పెట్టేసింది. మేలో చేసిన పరీక్షలో నలభై ఎనిమిది కాస్తా ఇరవై రెండుకి దిగిందని, ఈ నెలలో మళ్లీ మొదలుపెడతారని తమ్ముడు కార్డు రాశాడు. తర్వాత కబురు లేదు. మూడో రోజు దాటిందా? ఐదో రోజు దాటిందా? మంచైనా చెడైనా నువ్వే రాయాలి. ఎవరి నోటి మీదుగానో వినే ఓపిక నాకు లేదు.

సోమలమ్మ


నర్సీపట్నం
2025 ఆగస్టు 8

వదినా,

ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టుకోకండి. గుండె చప్పుడు వినేదాకా ఎవరికీ రాయకూడదనుకున్నాను. నిన్న స్కానింగులో విన్నాను. ఏడు వారాలు దాటింది.

తొమ్మిది గుడ్లు తీశారు. ఏడు పిండాలు. మూడో రోజున ఫోన్ వస్తే ఎత్తలేక ఆయనకిచ్చాను. ఏడూ ఉన్నాయన్నారు. దానికి నాకేం సంతోషం కలగలేదు, ఇంతకు ముందు కూడా మూడో రోజుకి అన్నీ ఉన్నవే. ఐదో రోజున ఈసారి బస్సెక్కకుండా ఇంట్లోనే కూర్చున్నాం. రావికమతం అమ్మాయే ఫోన్ చేసింది. మూడు నిలబడ్డాయంది. ఒకటి పెట్టారు, రెండు ఫ్రీజర్‌లో ఉంచారు.

పెట్టించుకున్న రోజున ఆ అమ్మాయిని అడిగాను, నా గుడ్లలో నిజంగా బలం లేదా అని. "అలగనీసి ఎవులన్నారక్కా" అంది. తండ్రి వైపు నుంచి విరిగి వచ్చినదాన్ని గుడ్డే కొంతవరకు బాగు చేస్తుందట. మరీ ఎక్కువ విరిగితే దాని వల్ల కాదట. ముందు రెండుసార్లూ నా గుడ్లు ఆ పనే చేసి ఉంటాయి, చేతనైనంత వరకు లాక్కొచ్చి ఉంటాయి అంది. వదినా, అక్కడ కారిడార్లో గోడకానుకుని ఏడ్చేశాను. వాటికి బలం లేదని ఊరంతా అంటుంటే నేనూ కొన్నాళ్లు నమ్మేశాను కదా.

డాక్టరమ్మని కూడా అడిగాను. మొదటిసారి పోయినప్పుడే ఆయన్ని ఎందుకు చూడలేదన్నాను. సాధారణంగా చూడం అంది. ఎందుకు చూడరన్నాను. తర్వాతి పేషెంటుని పిలిచింది.

నిన్న స్కానింగు నుంచి వచ్చి అత్తగారికి చెప్పాం. వెంటనే గడప బయటికి వెళ్లి ఎదురింటి సత్యలక్ష్మి గారిని కేకేసి పిలిచారు. నా పక్కనే నిలబడి ఆమెతో ఏమన్నారో తెలుసా? "సూసినావా, నా కొడుకు బలం. ఆపరేసనయిన ఆర్నెల్లకే నిలబెట్టీసినాడు."

మూడుసార్లు మత్తు, అన్ని సూదులు, ఆ పద్నాలుగు, మొన్నటిదాకా కడుపు నిలబడని నా చెయ్యి. అంతా ఆయన బలమైపోయింది. నేను లోపలికి వెళ్లిపోబోతుంటే ఆయన నన్ను ఆపి, అమ్మ వైపు తిరిగారు.

"అమ్మా, ఆగిపోయినప్పుడు దానిదన్నావు. నిలబడితే నాదంతన్నావు. ఓపాలైనా ఇద్దరిదీ అను."

సత్యలక్ష్మి గారు పొయ్యి మీద పాలున్నాయని వెళ్లిపోయారు. అత్తగారు చాలాసేపు కొంగు సర్దుకున్నారు. తర్వాత, "సర్లే, ఇద్దరిదీ" అన్నారు, నా వైపు చూడకుండా, వీధిలోకి చూస్తూ. ఆయన, అలా కాదు, దాన్ని చూసి అను అన్నారు. ఆమె అనలేదు. వంటింట్లోకి వెళ్లి, ఏం తింటావు అని అక్కడి నుంచే నన్నడిగారు.

జవాబు ఇవ్వలేదు, వదినా. రాత్రి అన్నం నేనే వండుకున్నాను. ఈ పొద్దున మళ్లీ అడిగారు, ఈసారి గుమ్మం దాకా వచ్చి, నా మొహం చూసి. చింతచిగురు పప్పు అని చెప్పాను. ఈ కాలంలో చింతచిగురు ఎక్కడ దొరుకుతుందని సణుగుతూ సంచి పట్టుకుని బజారుకి వెళ్లారు. ఇంకా తిరిగి రాలేదు. దొరికేదాకా తిరగనివ్వండి.

మీ మరదలు,
సత్యశ్రీ